మూడో గుంటలో పోసిన పసుపు

ఇది మొదలైంది 1969 జూన్ 9, సోమవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు. జనగామలో మా దుకాణం వెనక గదిలో నా మోచేయి తగిలి ఒక గాజు గ్లాసు పడిపోయింది. గ్లాసు పగల్లేదు. అందులో పదకొండు రోజులుగా కడిగి, తేర్చి, వడగట్టి ఉంచిన పసుపు మట్టి రంగు మాత్రం బండల మీద పారి, నేను గుడ్డ తెచ్చేలోపు సందుల్లోకి ఇంకిపోయింది. గడియారం ఎదుటి గోడకే ఉండేది కాబట్టి సమయం విషయంలో నాకు అనుమానం లేదు. తప్పు చేసిన పిల్లలు ముందు తలుపు వైపు చూస్తారు. నేను గడియారం వైపు చూశాను.

ఈ సంగతి ఎప్పుడైనా రాస్తానని అనుకోలేదు. మొన్న భూపాలపల్లిలో, మా అమ్మాయి ఇంట్లో, వంటింటి కిటికీలో ఒక చిన్న స్టీలు గిన్నెలో తుమ్మ బంక నానుతోంది. పక్కింటి బాలింతకు లడ్డూలు చేసిపెట్టడానికట. నానిన తుమ్మ బంకకు తడిసిన చెక్క వాసన, పులిసిన గంజి వాసన, అడుగున ఎక్కడో కొంచెం తీపి వాసన ఉంటాయి. గిన్నె పక్కన నిలబడి ఆ వాసన పీలుస్తుంటే యాభై ఏళ్ల పైచిలుకు కిందటి ఆ వెనక గది, అందులోని ఎనిమిది రంగులు, అవి ఎందుకు ఎంచుకున్నామో ఒక్కొక్క కారణం, వరుస తప్పకుండా గుర్తుకొచ్చాయి. మహబూబాబాద్‌లో ముప్పై ఒక్క ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన దాన్ని. వరుస తప్పకుండా గుర్తున్నప్పుడే రాసి పెట్టడం మంచిది.

అప్పుడు నాకు పన్నెండేళ్లు నిండి నాలుగు నెలలు. మా బాపు దుకాణంలో తిండి సరుకుల కన్నా రంగు సరుకులు ఎక్కువ. పసుపు, కుంకుమ, సింధూరం, ఇళ్ల అరుగులకు పూసే ఎర్రమట్టి జాజు, బట్టలకు పెట్టే నీలిమందు, రాతి సున్నం, సాలెవాళ్ల నూలు రంగులు, బతుకమ్మ రోజులు రాగానే తెల్లటి గునుగు పూలను ముంచడానికి కొనే గులాబీ, ఆకుపచ్చ పొడులు. ఎండాకాలం మధ్యాహ్నం దుకాణం తలుపు సగం మూసి, బాపు గోనె సంచుల మధ్య తువ్వాల పరుచుకుని పడుకుంటే, తలుపు సందులోంచి పడ్డ ఎండలో రంగుల దుమ్ము కదులుతూ ఉండేది. ఆయన తుమ్మితే ఆ పూట ఏ సంచి విప్పారో మా అమ్మ వంటింట్లోంచే చెప్పేది. నేను కచ్చకాయలు ఆడుకునే ఐదు రాళ్లకు ఐదు రంగులు పులుముకుని ఉండేవి. దీపావళికి కొత్త లంగా కట్టుకున్నా సాయంత్రానికల్లా దాని అంచు జాజు రంగుకు తిరిగేది.

దుకాణం వెనక మాకు రెండు గదులు ఎక్కువగా ఉండేవి. ఒక దాంట్లో డ్రాయింగు సారు అద్దెకుండేవాడు. మా బడిలో తొమ్మిదేళ్లుగా బొమ్మలు వేయడం నేర్పుతున్న మనిషి, ఆంధ్ర వైపు గోదావరి జిల్లా ఊరివాడు. సన్నగా, పొడుగ్గా, వేళ్ల చివర ఎప్పుడూ ఏదో ఒక రంగుతో ఉండేవాడు. ప్రతి మాటకూ ‘అండి’ చేర్చేవాడు. మా అమ్మ నవ్వి, సారు అండీ అంటే మా బర్రె కూడా మర్యాదగా పాలిస్తది అనేది. ఆయన కూడా నవ్వేవాడు. సినిమాల్లో మా మాటను ఎట్లా వెక్కిరిస్తారో మాకు తెలుసు. ఆయన మాత్రం ఒక్కసారి కూడా మా మాటను దిద్దలేదు. నేను దాన్ని లెక్కలో వేసుకున్నాను.

ఆ ఏడు జనవరి నుంచి ప్రత్యేక రాష్ట్రం కావాలని, బయటి నుంచి వచ్చి ఇక్కడి కొలువుల్లో ఉన్నవాళ్లు తిరిగి పోవాలని ఊళ్లన్నీ అట్టుడికిపోతున్నాయి. బడి తలుపులు మూతపడ్డాయి. బజారు ఒకరోజు తెరిస్తే రెండు రోజులు మూసి ఉండేది. రైలు వచ్చిన రోజున వచ్చిందని చెప్పుకునేవాళ్లు. దూరపు ఊళ్లలో కాల్పులు జరిగాయని, పిల్లలు పోయారని మాట వచ్చినప్పుడల్లా మా వీధిలో పొయ్యిలు పొద్దు వాలేదాకా వెలిగేవి కావు. సారు భార్యను, కొడుకును మార్చిలోనే పంపించేశాడు. ఆయన పోలేదు. పోతే ఆ కొలువు పోయినట్టే, అక్కడ ఆయనకు ఇంకో కొలువు లేదు. అర్జీలు పెట్టిన ప్రతి చోటి నుంచీ డ్రాయింగు పోస్టు ఖాళీ లేదనే జవాబు వచ్చింది. వచ్చిన ఆరు జవాబులనూ నేనే చదివాను, ఆయన కళ్లద్దాలు విరిగి ఉన్నప్పుడు.

మద్రాసు నుంచి రావలసిన రంగుల పార్సిలు కూడా మార్చిలో రాలేదు. ట్యూబుల్లో మిగిలినవి పిండుకుంటూ ఏప్రిల్ నెట్టుకొచ్చాడు. ఆ తర్వాత ఒకరోజు తన రంగుల పెట్టె తెచ్చి మా దుకాణం బల్ల మీద తెరిచాడు. అరచేతికి కొంచెం పెద్దదైన నల్ల రేకు పెట్టె. లోపల తెల్ల పూత, ఒక వైపు ఎనిమిది గుంటలు, ఇంకో వైపు రంగులు కలుపుకునే మూడు పల్లాలు.

“ఎనిమిది గుంటలేనమ్మా. మీ నాన్న కొట్లో ఉన్నవాటితోనే నింపాలి. ఏవి పెడదామో నువ్వు చెప్పు,” అన్నాడు.

నేను ముందు గులాబీ పొడి చూపించాను, తర్వాత నూలు రంగుల్లో మెరిసేవన్నీ చూపించాను. ఆయన కాదనలేదు. ఒక అట్ట తీసుకుని నేను చూపించిన ప్రతి రంగునూ ఒక్కో చారగా గీశాడు. ఇరవై మూడు చారలు. సగం అట్టను నా తెలుగు వాచకం కింద పెట్టి, మిగతా సగాన్ని దక్షిణం కిటికీలో ఎండకు వదిలి, రోజూ చూసి రాసిపెట్టమన్నాడు. నేను తేదీలు రాయడం అప్పటి నుంచే. గులాబీ రంగు తొమ్మిదో రోజుకు వెలిసింది. మోదుగు పూల కషాయం ఆరో రోజుకు పోయింది. పసుపు నాలుగో రోజుకే లేదు. పుస్తకం కింది సగంలో బంగారంలా ఉంది, ఎండలో ఉన్న సగంలో ఉత్త అట్ట.

“పసుపు నాలుగు రోజుల చుట్టం. ఉన్నన్నాళ్లూ ఇల్లంతా వెలుగే. మన పెట్టెలోకి మాత్రం రానివ్వకూడదు,” అన్నాడు సారు.

ఇరవై ఒక్క రోజుల తర్వాత నిలిచిన వాటిలోంచే ఎంచుకున్నాం. మొదటి గుంటలో జాజు, ఎందుకంటే మా నేల రంగు అదే. రెండో దాంట్లో సింధూరం; కుంచెను నోట్లో పెట్టుకుంటే విషమని రెండుసార్లు చెప్పాడు. మూడోది పసుపు మట్టి. నాలుగోది అదే మట్టిని రొట్టె పెనం మీద కాల్చితే వచ్చిన ఇటుక రంగు. ఐదు నీలిమందు, ఆరు ఆయన దగ్గర మిగిలిన ఆఖరి మద్రాసు నీలం, ఏడు ఆముదం దీపపు మసి. ఎనిమిదో గుంట దగ్గర మాకు పేచీ వచ్చింది. ఆయనకు ఆకుపచ్చ కావాలి. కాలువల పక్కన పుట్టినవాడు, ఆకుపచ్చ లేని పెట్టె పెట్టే కాదన్నాడు. నేను ఒప్పుకోలేదు. నీలిమందులో పసుపు మట్టి కలిపితే మా ఊళ్లో ఉన్నంత పచ్చదనం వస్తుందనీ, అంతకన్నా ఎక్కువ మాకు లేదనీ చెప్పాను. ఆయన కాసేపు బయటికి, రాళ్ల గుట్టల వైపు చూసి, ఒప్పేసుకున్నాడు. ఆ గుంటలో రాతి సున్నం పెట్టాం. మంచి బొమ్మల కాగితం దొరక్క, బాపు దగ్గరున్న మందపాటి మట్టిరంగు చుట్టుడు కాగితం మీద వేయవలసి వస్తోంది కాబట్టి తెలుపు లేకుండా జరగదు. దుకాణంలో తెల్ల పొడి అయిపోయి నెల అయింది.

పసుపు మట్టి మాత్రం దుకాణానిది కాదు. రఘునాథపల్లిలో మా మేనమామ చేను దగ్గర బావి తవ్వుతుంటే తొమ్మిదో మూర దగ్గర పచ్చటి పొర ఒకటి పడింది. ఏప్రిల్‌లో మామ దాన్ని ఒక చిన్న సంచిలో తెచ్చి ఇచ్చాడు. నీళ్లలో కలిపి, ఇసుక అడుగుకు దిగాక పై నీళ్లు వంచి, మళ్లీ తేర్చి, మా అమ్మ పాత చీర గుడ్డలో వడగట్టి, నానిన తుమ్మ బంకలో నాలుగు చుక్కల తేనె వేసి నూరాలి. సంచెడు మట్టి నుంచి ఒక గ్లాసు రంగు వచ్చింది. ఆ పని సారు నాకు అప్పగించాడు. ఇంకెవరికీ ఇవ్వలేదు.

జూన్ మొదటి వారంలో మా వీధి చివర ఉండే యాదగిరి, కాలేజీ చదువుతున్నవాడు, ఇంకో ముగ్గురితో వచ్చి బాపుతో మాట్లాడాడు. నేను గోనె సంచి వెనక ఉన్నాను. అతను గట్టిగా కూడా మాట్లాడలేదు.

“సేటూ, నీ మీద మాకు కోపం లేదు. సారు మీద సుత లేదు. పదిహేనో తారీఖు ఐతారం పొద్దుగాలకు గది ఖాళీ కావాలె. తర్వాత మా చేతుల ఉండదు.”

బాపు తక్కెడ తుడిచాడు. ఆ సాయంత్రం బడి పెద్ద సారు వచ్చి ఒక ఉపాయం చెప్పాడు. మా ఏడో తరగతి పిల్లలందరి బొమ్మ ఒకటి వేసి, శనివారం నాడు ఊరి గ్రంథాలయం చదువుల గదిలో పెట్టి, తల్లిదండ్రులను పిలుద్దాం. తమ పిల్లల ముఖాలు అంత శ్రద్ధగా గుర్తుపెట్టుకున్న మనిషిని పొమ్మనడానికి నోరు రాదు, ఆ తల్లిదండ్రులే అడ్డం నిలుస్తారు అని. సారుకు నమ్మకం కుదిరిందో లేదో తెలియదు. ఇంకో దారి లేదు.

మేం నలభై ఒక్క మందిమి. బడి మూసి ఉంది, ఎదురుగా కూర్చోబెట్టి వేయడానికి పిల్లలు లేరు. ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ఎవరికి ఎడమ పాపిట, ఎవరికి ముక్కు మీద మచ్చ, అన్నీ నేను చెప్పాను. ముందు వరుసలో పన్నెండు మంది ఆడపిల్లలం నేల మీద. వెనక పది, పది, తొమ్మిది మంది మగపిల్లలు. అందరికీ తెల్ల చొక్కాలు. నేను ముందు వరుసలో ఏడోదాన్ని. మంగళవారానికి ముఖాలు, బుధవారం సాయంత్రానికి సున్నంతో చొక్కాలు అయ్యాయి. ఇక ఎండ మిగిలింది. మధ్యాహ్నం నాలుగింటికి బడి ముంగిట్లో ఏటవాలుగా పడే లేత పచ్చటి ఎండ, ఆ చొక్కాల మీద సన్నగా. అది పడితేనే పిల్లలు కదిలినట్టు ఉంటారని సారు చెప్పాడు.

ఆ ఎండ కోసం దాచిన గ్లాసునే సోమవారం నేను పడగొట్టాను.

ముందు రోజు మృగశిర కార్తె పెట్టింది. ఇంగువ కలిపిన బెల్లం ఉండ తిని, మొదటి వానకు తడిసి, నేనింకా ఉషారుగా ఉన్నాను. గ్లాసు పడగానే ఆ ఉషారంతా పోయింది. రఘునాథపల్లి పదిహేను కిలోమీటర్లు. బస్సులు లేవు, రైలు ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినా మట్టి తేర్చడానికి రోజులు లేవు. సారుకు చెప్పవచ్చు. కానీ ఆయన ఇంకెవరికీ ఇవ్వని పని నాకిచ్చాడు. వంటింట్లో అమ్మ మామిడి తొక్కుకు ఆవాలు, మెంతులు దంచి, కొత్త పసుపు జల్లెడ పట్టి పెట్టింది. నేను లెక్క వేసుకున్నాను. పసుపు ఎండలో నాలుగు రోజులు నిలుస్తుంది, నీడలో ఇంకా ఎక్కువ. గురువారం పూత వేస్తే శనివారం సాయంత్రానికి రెండు రోజులే. తర్వాత నెమ్మదిగా మట్టి తెచ్చి, రంగు నూరి, మళ్లీ పూయవచ్చు. లెక్క సరిగ్గానే వేశాను. అందులో ఒక అంకె వేసుకోవడం మరచిపోయాను. ఇంకా నింపని మూడో గుంటలో పసుపును బంకతో నూరి పోశాను. చూడటానికి తేడా లేదు.

గురువారం ఉదయం పదకొండు గంటలకు సారు బల్ల ఏటవాలుగా పెట్టి, కుంచె తడిపాడో లేదో, పెద్ద సారు దగ్గరి నుంచి కబురు వచ్చింది, వెంటనే రమ్మని. ఆయన కుంచె నా చేతికి ఇచ్చాడు. వరుసకు ఒకే పూత, అడుగున వేలాడే తడి చుక్కను చూస్తూ దాన్ని ముందుకు నడిపించుకుంటూ పోవాలి, ఆగకూడదు, వెనక్కి చూడకూడదు, వెనక్కి చూస్తే మరక పడుతుంది. ఈ సంగతి నాకు నలభైసార్లు చెప్పి ఉంటాడు. అందుకే నేను వెనక్కి చూడలేదు. చుక్క మీదే కళ్లు పెట్టి ముందు వరుస పన్నెండు చొక్కాలూ దాటాను, రెండో వరుసలో ఐదు దాటాను. ఆరో దాని దగ్గర కుంచె ఆరి, ముంచుకోవడానికి చేయి ఎత్తితే, అప్పుడు చూశాను.

ముందు వరుస ఎర్రగా ఉంది.

పెళ్లికూతురి కాళ్లకు పారాణి ఎట్లా కలుపుతారో మా ఇంట్లో పుట్టిన ఏ పిల్లకైనా తెలుసు. పసుపులో సున్నం. నేనే చిన్నప్పటి నుంచి ఎన్ని పెళ్లిళ్లకు కలిపి ఇచ్చానో. వాన ముసురుకు సున్నం పైకి ఆరినట్టు కనిపించి లోపల పచ్చిగానే ఉంది. ముఖాల మీద, నీలం లంగాల మీద, నేల మీద పూత లేత పచ్చగా, ఎండలాగే ఉంది. చొక్కాల మీద మాత్రం ఎరుపెక్కుతోంది. నేను తడి గుడ్డతో అద్దాను. అది ఇంకా పాకి, చొక్కాల అంచుల నుంచి సన్నటి ధారలుగా కిందికి జారింది. పదిహేడు చొక్కాలు. ఏడోది నాది.

పదకొండున్నరకు యాదగిరి వాళ్లు వచ్చారు. గడువు ఇంకా మూడు రోజులుంది. సారు సర్దుకుంటున్నాడో లేదో చూసిపోదామని వచ్చారనుకుంటాను. నలుగురూ గడప దగ్గరే ఆగిపోయారు. బల్ల మీద బొమ్మను చాలాసేపు చూశారు. అందులో ఒకడు వంగి వేలితో లెక్కపెట్టి, రెండో వరుసలో మూడోవాడు యాదగిరి తమ్ముడే కదా అని మెల్లగా అన్నాడు. అవును, మూడోవాడు అతని తమ్ముడే.

“ఎవలేసిన్రు గిది?” అని యాదగిరి నన్ను అడిగాడు.

“సారు,” అన్నాను.

“అంగీల మీద నెత్తురేనా?”

కుంచె నా చేతిలోనే ఉంది, దాన్ని లంగా మడతల్లో దాచుకున్నాను. అతను గది చుట్టూ, సారు ట్రంకు పెట్టె వైపు, కొయ్యకు వేలాడే ఆయన ఒక్క ఉతికిన చొక్కా వైపు చూశాడు. కాల్పుల్లో పోయిన పిల్లల కోసం వేసిన బొమ్మ అనుకున్నాడు. సారును గిట్ల అనుకోలేదని, ఇక ఆయన జోలికి ఎవరొచ్చినా ముందు తమను దాటాలని వంటింట్లోంచి వచ్చిన అమ్మతో చెప్పి, బొమ్మను తడి ఆరకముందే ఒక పలకకు అతికించుకుని తీసుకుపోయారు.

సారు వచ్చేసరికి బల్ల ఖాళీ. అమ్మ జరిగింది చెప్పింది. ఆయన పెట్టె తెరిచి, మూడో గుంటలో వేలు పెట్టి, నాలుక కొసకు తాకించుకున్నాడు. కోపం వస్తుందని చూశాను. రాలేదు.

“ఎన్ని చొక్కాలకు వేశావమ్మా?”

“పదిహేడు సార్. సోమవారం నా చెయ్యి తగిలి గ్లాసు పడిపోయింది.”

“గ్లాసు పడిపోయిన రోజునే చెప్పాల్సింది,” అన్నాడు. అప్పుడు ఏడ్చాను.

ఆ సాయంత్రమే యాదగిరికి ఉన్నమాట చెప్పి రావాలని బాపు అన్నాడు. సారు ఆలోచించి వద్దన్నాడు. అది వాళ్ల కోసం వేసింది కాదని, ఒట్టి ఎండ అని చెబితే, చచ్చిపోయిన పిల్లల మీద పరాచికం ఆడినట్టు అనుకుంటారు. చెప్పకపోతే ప్రభుత్వ కొలువులో ఉండి ఉద్యమానికి బొమ్మ వేసినట్టు అవుతుంది. ఎటు పోయినా ఇబ్బందే. చదువుల గదిలో పెట్టవలసిన బొమ్మ శనివారం నాడు ఊరేగింపు ముందు నడిచింది. మా వీధి గుండా పోతుంటే మిద్దె మీద నుంచి చూశాను. చూసిన ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ పదిహేడు మందీ బతికే ఉన్నామని, మా ఇళ్లలో అన్నం తింటున్నామని ఎవరూ అనలేదు. నేను కూడా అనలేదు.

పదహారో తేదీ సోమవారం సాయంత్రం నాలుగు గంటలకు ఒక ఎస్సై, విద్యాశాఖ అధికారి ఒకరు దుకాణానికి వచ్చారు. బొమ్మ వాళ్ల చేతిలో ఉంది. ఒక మూల చిరిగి, వానకు ముడుచుకుపోయింది. సారు బల్ల పక్కన నిలబడ్డాడు, బాపు తక్కెడ దగ్గర. ఈ బొమ్మ మీరు వేసిందేనా, ఏ ఉద్దేశంతో వేశారో రాసివ్వండి అన్నాడు అధికారి. సారు కలం తీసుకునేలోపు నేను తెర తోసుకుని వచ్చాను. వారం రోజుల నుంచి గొంతులో ఉన్నదంతా చెప్పాను. గ్లాసు, తొక్కు పసుపు, సున్నం, కుంచె. ఎస్సై నవ్వాడు.

“ఏం సారూ, పిల్లతోని చెప్పిస్తున్నవా?”

నమ్మకపోతే చూడండి అని నేను వంటింట్లోకి ఉరికి, ఇత్తడి పళ్లెంలో సున్నం, పసుపు, నీళ్లు తెచ్చి, వాళ్ల ముందే కలిపాను. పళ్లెం ఎర్రగా అయింది. ఇక నమ్మక తప్పదనుకుని తలెత్తి చూశాను. ఎస్సై నవ్వు ఆగిపోయి ఉంది. ఆ పళ్లెం వైపు, అల్మారా వైపు, సంచుల వైపు చూశాడు.

“అంటే ఎట్ల జేస్తే నెత్తురైతదో ఈ ఇంట్ల అందరికీ ఎరుకే. తెలిసే జేసిన్రు. పసుపు ఎవల దుకాణంలది సేటూ?”

బాపు నోరు తెరిచాడు. ఆయన అబద్ధం ఆడలేడని మాకందరికీ తెలుసు. అది ఆ ఇంట్లో గొప్పగా చెప్పుకునే సంగతి. ఆ క్షణాన మాత్రం మా అమ్మ తెర అంచు పట్టుకుని నిలబడిపోయింది. సారు కలం మూత తీసి, బాపు మాట్లాడకముందే మాట్లాడాడు.

“పసుపు వీళ్లది కాదండి. వరంగల్‌లో నేను కొనుక్కున్నది. పిల్ల నా మీద అభిమానం కొద్దీ తన మీద వేసుకుంటోంది. బొమ్మ నాది, రంగులూ నేను ఎంచుకున్నవే.”

అదే రాసి సంతకం పెట్టాడు. నాలుగున్నర అయింది. ఆరు వాక్యాలు. ఆ తర్వాత అధికారి చదివి వినిపించిన కాగితంలో ఉన్న మాటలు నాకు సగమే అర్థమయ్యాయి: విచారణ పూర్తయ్యే దాకా కొలువు నుంచి తప్పించడమైనది, రెండు రోజుల్లో ఊరు విడవవలెను. వాళ్లు పోయాక బాపు లేచి వెళ్లి సారు రెండు చేతులూ పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. అమ్మే అన్నది.

“అండీ అండీ అనుకుంటనే మా ఇల్లు నిలవెట్టినవు సారూ.”

పద్దెనిమిదో తేదీ, బుధవారం, రైలు నడిచింది. బెజవాడ వైపు ప్యాసింజరు. స్టేషనుకు ముప్పై మందికి పైగా కుర్రాళ్లు వచ్చారు, పూలదండ తెచ్చారు. ఏ కుర్రాళ్లు పొమ్మన్నారో వాళ్లే. యాదగిరి దండ వేసి, తల దించుకుని అన్నాడు.

“మిమ్ముల పొమ్మన్నది మేమే సార్. గిప్పుడు పోకున్రి అని ఏ మొఖంతోని అనాలె?”

పరీక్షలు ఎప్పుడు పెట్టినా బాగా రాయమని సారు అతని భుజం తట్టాడు. ఘన్‌పూర్‌లో, మహబూబాబాద్‌లో సారు పెట్టెను ఎవరూ ఆపకుండా చూడటానికి ఇద్దరు కుర్రాళ్లు డోర్నకల్ దాకా ఆయనతో బండెక్కారు. బండి కదలబోయే ముందు ఆయన ప్లాట్‌ఫారం మీది కుళాయి దగ్గర రంగుల పెట్టె తెరిచి, మూడో గుంటను గోటితో గీకి కడిగాడు. ఆ నీళ్లు చాలాసేపు పచ్చగా వచ్చాయి. ఏ గుంటలో ఏముందో రాసి పెట్టుకో, గుర్తుంటుందిలే అనుకోకు అని నాతో అన్నాడు. మధ్యాహ్నం ఒంటి గంటా ఇరవైకి బండి వెళ్లిపోయింది.

ఆగస్టులో ఒక కార్డు వచ్చింది. క్షేమంగా చేరానని, సైకిలు దుకాణాలకు పేర్లు రాసే పని దొరికిందని. బాపు నాలుగు ఉత్తరాలు రాశాడు. రెండింటికి జవాబు వచ్చింది, తర్వాత రాలేదు. విచారణ ఎక్కడి దాకా వచ్చిందని బాపు రెండుసార్లు వరంగల్ వెళ్లి అడిగాడు. కాగితాలు కనబడడం లేదన్నారు. యాదగిరి ఇరవై ఏళ్ల తర్వాత మహబూబాబాద్ బస్టాండులో కనిపించి, అప్పటి సారు మన కోసం కొలువు పోగొట్టుకున్నాడని పక్కనున్నవాళ్లకు గర్వంగా చెప్పాడు. నేను తల ఊపాను. అతనికి ఇప్పటికీ నిజం చెప్పలేదు. 2014లో రాష్ట్రం వచ్చిన రోజు వీధంతా రంగులు చల్లుకుంటుంటే, మా వాకిట్లోకి వచ్చిన పిల్లలు నా చెంపలకు కూడా పూశారు. అది మంచి రోజే. నేను లోపలికి వెళ్లి ముఖం కడుక్కుని, కాసేపు కూర్చున్నాను.

ఇప్పుడు జనగామలో మా దుకాణం ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. రఘునాథపల్లి బావిని పూడ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఆ పచ్చటి పొర కింద ఎక్కడో ఉండే ఉంటుంది. జాజు పూసే అరుగులు లేవు. పిల్లలు ప్లాస్టిక్ పెట్టెల్లో పన్నెండు రంగులు కొనుక్కుంటారు, అందులో ఆకుపచ్చలే మూడు ఉంటాయి.

పోయినవి రాస్తున్నాను. ఒక మనిషి కొలువు, తొమ్మిదేళ్ల సర్వీసుతో సహా. మా అందరి చదువులో ఒక సంవత్సరం. పోలీసులు తీసుకుపోయి తిరిగి ఇవ్వని ఒక బొమ్మ, రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. అందులో నలభై ఒక్క ముఖాలు. ఏడో తరగతిలో మాకు ఫోటో తీయలేదు, ఆ ముఖాలు ఇంకెక్కడా లేవు. నిన్న కూర్చుని వరుసగా పేర్లు రాసుకుంటే ఇరవై ఆరు వచ్చాయి. పదిహేను రాలేదు.